ఎన్నాళ్ళో రాయని చీటీ

(పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం, ఊళ్ళోని తెలుగువాళ్ళ చిన్న సభలో ఒక కంటి డాక్టరు మాట్లాడిన మాటలివి. మధ్యలో సభలోవాళ్ళు అడిగినవి కూడా అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

గిడుగు రామ్మూర్తి పంతులుగారు బడిపిల్లలకి పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ నిలబడి గ్రాంథికంలో వైద్యం చెబితే పాపం తగులుతుంది. అందుకని కన్ను, నల్లగుడ్డు, నరం, ప్రెజరు, చుక్కలు, ఈ మాటలతోనే పని కానిస్తాను. చుక్కలంటే కంట్లో వేసుకునే చుక్కల మందులు. అందులోనూ స్టెరాయిడ్ చుక్కలు.

మొదట మీకో కాగితం చూపిస్తాను. ఇదిగో. ప్లాస్టిక్ కవర్లో ఉంది, నాలుగు మడతల దగ్గరా చిరిగితే టేపు అంటించారు. ఇది నేను రాసిన మందుల చీటీ. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో రాసింది. అక్షరాలు కూడా అప్పట్లో బాగుండేవి.

కాశీనగర్ వైపు పల్లె నుంచి తొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి తీసుకొచ్చారు. శివరాత్రి వెళ్ళి ఎండలు మొదలయ్యేసరికి వాడికి కళ్ళు ఒకటే దురద. రెండు పిడికిళ్ళతో నలిపేసుకునేవాడు. తీగలా సాగే పుసి. వెలుతురులోకి వస్తే కళ్ళు చిట్లించేవాడు. పైరెప్ప తిరగేసి చూస్తే లోపల గులకరాళ్ళు పరిచినట్టు బొడిపెలు. ఇది ఎలర్జీలో ఒక ముదురు రకం. వేడి, పొడి గాలి, దుమ్ము ఉన్నచోట ఎక్కువ. మగపిల్లల్లో ఎక్కువ. ఏటా ఎండాకాలానికి తిరగబెడుతుంది. యుక్తవయసు వచ్చాక చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

నేను స్టెరాయిడ్ చుక్కలు రాశాను. రాయడం తప్పు కాదు, ఆ పరిస్థితిలో ఇప్పుడైనా రాస్తాను. 'రోజుకు నాలుగుసార్లు' అని రాశాను. 'రెండు వారాలు వేసి మళ్ళీ తీసుకురండి' అని నోటితో చెప్పాను. కాగితం మీద మాత్రం రాయలేదు. చూడండి, ఇక్కడ ఖాళీగా ఉంది. ఎన్నాళ్ళు అనేదే లేదు.

వాళ్ళు మళ్ళీ రాలేదు. ఎందుకొస్తారు? మందు వేసిన మూడో రోజుకే పిల్లాడి కళ్ళు మల్లెపూలలా తెల్లబడ్డాయి. దురద లేదు, బడికి వెళ్తున్నాడు. సీసా అయిపోతే చీటీ పట్టుకెళ్ళి ఇంకోటి తెచ్చుకున్నారు. ఆపితే వారానికి మళ్ళీ ఎరుపు. మళ్ళీ సీసా. చీటీ వెనక చూడండి, మందుల షాపువాళ్ళు పెన్నుతో పెట్టిన టిక్కులు. నేను లెక్కపెట్టాను. ఇరవై మూడు.

పధ్నాలుగు నెలల తర్వాత వాళ్ళ బడి మాస్టారు పట్టుబట్టి పంపించారు. 'పక్కనుంచి బంతి వస్తే చూసుకోవట్లేదండీ, గుమ్మాలు గుద్దుకుంటున్నాడు' అని. అప్పుడు ప్రెజరు చూశాను. కంట్లో ప్రెజరు మామూలుగా 10 నుంచి 21 లోపు ఉంటుంది. వాడికి ఒక కంట్లో 38, రెండో కంట్లో 42. లోపల చూపు నరం చాలావరకు చచ్చిపోయింది. కళ్ళు మాత్రం అప్పుడు కూడా తెల్లగా, ఏ పుసీ లేకుండా, చక్కగా ఉన్నాయి.

వాళ్ళ నాన్న నన్ను తిట్టలేదు. 'మీరు రాసిన మందే కదా బాబూ ఏసినాం' అన్నాడు. అంతే. ఆ చీటీ నేను అడిగి ఉంచుకున్నాను. అప్పటినుంచి రోజుల లెక్క వెయ్యకుండా నేను స్టెరాయిడ్ చుక్కలు రాయలేదు. నా దగ్గర పనిచేసే అమ్మాయికి కూడా చెప్పాను, లెక్క లేకపోతే చీటీ బయటికి పోనివ్వద్దని. రెండుసార్లు నన్ను వెనక్కి పిలిచింది కూడా.

ఈ మందు చేసే మోసమంతా మంచి చెయ్యడంలోనే ఉంది. చేదుగా ఉండి, మంట పుట్టించి, పనిచెయ్యని మందైతే ఎవరూ నెలల తరబడి వేసుకోరు. ఇది అలా కాదే! వేసిన మర్నాటికే హాయి. ఎరుపు పోతుంది, వాపు పోతుంది, నీళ్ళు కారడం పోతుంది. మనం అద్దంలో చూసుకునేది ఎరుపునే కాబట్టి అది పోతే జబ్బు పోయిందనుకుంటాం.

స్టెరాయిడ్ అనగానే జిమ్ముల్లో కండలు పెంచే మందు అనుకోకండి, అది వేరే. ఇవి మన ఒంట్లోనే మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథుల్లో ఊరే పదార్థానికి దగ్గరి చుట్టాలు. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో కీళ్ళవాతంతో కదల్లేని ఒకావిడకి కార్టిజోన్ సూది వేస్తే కొన్ని రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. లోకమంతా అద్భుతం అంది. ఆ తర్వాత కొద్ది కాలానికే కంటి డాక్టర్లకి అనుభవమైంది, ఈ అద్భుతం కళ్ళలో ప్రెజరు కూడా పెంచుతోందని.

ఎలా పెంచుతుందో చెబుతాను. కంట్లో ఎప్పుడూ కొంచెం నీరు ఊరుతూ ఉంటుంది. కన్నీళ్ళు కాదు, ఇది లోపలి నీరు. ఊరింది ఊరినట్టు నల్లగుడ్డు అంచున ఉండే జల్లెడలాంటి దారిలోంచి బయటికి పోతుంది. చెరువుకి తూము ఉన్నట్టు. స్టెరాయిడ్ ఆ తూముకి తుక్కు అడ్డం పడేలా చేస్తుంది. ఊరే నీరు ఊరుతూనే ఉంటుంది, పోయే నీరు తగ్గుతుంది. గట్టు బలహీనంగా ఉన్నచోట తెగుతుంది కదా. కంట్లో ఆ బలహీనమైన చోటు వెనకాల ఉండే నరం. ఆ నరం అలా దెబ్బతినడాన్నే మనవాళ్ళు నీటికాసులు అంటారు, గ్లాకోమా. నొప్పి ఉండదు. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది కాబట్టి ఎదురుగా పేపరు చదువుకుంటూనే ఉంటాం. పోయిన చూపు తిరిగి రాదు. మందు ఆపితే ప్రెజరు చాలామందికి కొన్ని వారాల్లో దిగుతుంది, నరం మాత్రం తిరిగి మొలవదు.

అందరికీ ఇలా అవుతుందా? అవదు. గట్టి స్టెరాయిడ్ చుక్కలు నాలుగైదు వారాలు వేస్తే నూటికి ఐదారుగురికి ప్రెజరు బాగా పెరుగుతుంది. ఇంకో మూడోవంతు మందికి ఓ మోస్తరుగా. మిగతావాళ్ళకి పెద్దగా ఏమీ ఉండదు. చిక్కల్లా ఆ ఐదారుగురు ఎవరో మొహం చూసి చెప్పలేకపోవడం. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నా, సుగర్ ఉన్నా, పెద్ద మైనస్ అద్దాలు ఉన్నా అనుమానం ఎక్కువ. పిల్లల్లో ఇంకా తొందరగా, ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. అందుకే రెండు వారాలు దాటి వాడాల్సి వస్తే మధ్యలో ప్రెజరు చూడాలి. అది రెండు నిమిషాల పని. కంట్లోకి గాలి ఊదే మిషను ఉంటుంది, టప్పున ఊదుతుంది, మీరు ఉలిక్కిపడతారు, అయిపోతుంది. ఎక్కువ కాలం వేసుకుంటే శుక్లాలు కూడా తొందరగా వస్తాయి. శుక్లం ఆపరేషన్ చేసి తీయొచ్చు గనక దాని గురించి ఇంతకన్నా చెప్పను.

ఇక మందుల షాపు. నేను షాపులవాళ్ళని తిట్టడానికి రాలేదు, రాత్రి పదింటికి తలుపు తీసేది వాళ్ళే. కానీ 2023 వర్షాకాలంలో కళ్ళకలక వచ్చినప్పుడు గుర్తుందా? ఇటు ఒడిశా, అటు శ్రీకాకుళం, అంతటా ఒకటే ఎర్రకళ్ళు. మహేంద్రతనయ ఏరు దాటి పాతపట్నం వెళ్ళినా అదే, ఇటొచ్చినా అదే. నల్లకళ్ళద్దాలు దొరకలేదు. అది చాలావరకు వైరస్ వల్ల వచ్చేది. వారం, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. చన్నీళ్ళ గుడ్డ, చేతులు కడుక్కోవడం, తువ్వాలు వేరుగా పెట్టుకోవడం, చాలామందికి అంతే వైద్యం. కానీ ఆ నెలలో నా దగ్గరికి వచ్చిన సీసాల్లో సగానికి సగం స్టెరాయిడ్ కలిసినవే.

ఎలా కలుస్తుందో చూడండి. ఒక యాంటీబయాటిక్ చుక్కల మందు ఉంటుంది, దానికో పేరు. అదే కంపెనీ దాంట్లోనే స్టెరాయిడ్ కలిపి, అదే పేరు పెట్టి, వెనకాల ఒక ఇంగ్లీషు అక్షరం తగిలిస్తుంది. డీ అనో, పీ అనో. డబ్బా రంగు దాదాపు ఒకటే. డాక్టరు వట్టి పేరు రాస్తే షాపులో తోకున్నది ఇచ్చినా మనకి తెలియదు. 'అదే మందమ్మా, ఇంకా బాగా పనిచేస్తుంది' అంటారు. నిజమే, బాగానే పనిచేస్తుంది!

అందుకని పెద్ద పేరు వదిలేయండి. దాని కింద చీమల్లా ఉండే చిన్న అక్షరాలు చదవండి. ఇంగ్లీషు చదవగలిగే మనవడో మనవరాలో ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథొలోన్. చివర 'సోన్' అనో 'లోన్' అనో ఉంటే అనుమానించండి. డిఫ్లుప్రెడ్నేట్, లోటెప్రెడ్నాల్. మధ్యలో 'ప్రెడ్' ఉన్నా అదే కుటుంబం. వీటిలో లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథొలోన్ కొంచెం మెత్తనివి, ప్రెజరు పెంచే గుణం తక్కువ. తక్కువ అన్నాను, లేదనలేదు. ఇంటికెళ్ళాక ఫ్రిజ్ తలుపులో ఉన్న సీసాలు తీసి చూడండి. మూత రంగు చూసి 'తెల్లమూత మందు, ఎర్రమూత మందు' అని గుర్తు పెట్టుకునేవాళ్ళున్నారు, దయచేసి అది మానండి.

ఇంకో సంగతి, ఇది మన రైతులకి. కోతల రోజుల్లో వరి ఆకు కంట్లో గీసుకుంటుంది, ఊక ఎగిరి పడుతుంది. మన ఊళ్ళో కొమ్ము బొమ్మలు చేసేవాళ్ళకి ఆకురాయి రాస్తుంటే పొడి పడుతుంది. నల్లగుడ్డు మీద గాయమైతే, అందులోనూ ఆకూ అలమూ తగిలి అయితే, బూజు పట్టొచ్చు. అవును, రొట్టెకి పట్టే బూజు లాంటిదే, ఫంగస్. అలాంటి కంట్లో స్టెరాయిడ్ వేయడమంటే పొలానికి కాపలా ఉన్నవాణ్ణి పడుకోబెట్టి దొంగని పిలవడమే. ఎరుపు, వాపు అనేవి మన ఒళ్ళు చేసే యుద్ధం. స్టెరాయిడ్ ఆ యుద్ధాన్ని ఆపుతుంది. మొదటి మూడు రోజులు నొప్పి తగ్గి 'నయమైపోయింది' అనిపిస్తుంది. పదో రోజుకి నల్లగుడ్డు మీద తెల్లటి పుండు. అది మానినా పువ్వు, అంటే తెల్లమచ్చ, మిగులుతుంది. ఫంగస్‌కి నాటామైసిన్ అని వేరే మందు ఉంది, అదీ వారాల తరబడి వేయాలి. హెర్పిస్ అనే వైరస్ పుండు కూడా అంతే, చెట్టుకొమ్మలా పాకుతుంది, వట్టి స్టెరాయిడ్ వేస్తే అట్లపెనమంత అవుతుంది. కాబట్టి కంటికి దెబ్బ తగిలితే, నలుసు పడితే, డాక్టరు మిషను మీద చూడకుండా స్టెరాయిడ్ చుక్క వెయ్యకండి. పసరూ వెయ్యకండి, చనుబాలూ పిండకండి. అమ్మా, మీరు నవ్వుతున్నారు గాని పోయిన నెలలో కూడా ఒకరు పిండుకొచ్చారు.

(సభలోంచి: 'ఇన్ని అనర్థాలుంటే ఆ మందు మానేస్తే పోలా డాక్టరుగారూ?')

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మంచిదే అడిగారు. దీనికి ఇంకొకరి సంగతి చెబుతాను. గుణుపురం వైపు ఒక టీచరమ్మ. కంటిలోపల వాపు వచ్చింది, నల్లగుడ్డు వెనక రంగు తెర ఉంటుంది కదా, దానికి. ఐరైటిస్ అంటాం. ఎరుపు, లోతుగా పోటు, వెలుగు చూడలేకపోవడం, మసక. పుసి ఉండదు, దురద ఉండదు. దీనికి స్టెరాయిడే ప్రాణం. మొదట్లో గంటకోసారి వేయమంటాం, తర్వాత మెల్లగా తగ్గిస్తాం. ఆవిడ ఐదు రోజులు వేసుకున్నాక వాట్సాప్‌లో ఎవరో పంపారు, స్టెరాయిడ్ చుక్కలు వేస్తే గుడ్డివాళ్ళవుతారని. టక్కున ఆపేశారు. ఇరవై రోజుల తర్వాత వచ్చేసరికి కంటిపాప వెనకున్న లెన్సుకి అతుక్కుపోయి ఉంది. గుండ్రంగా ఉండాల్సింది జీడిపిక్క ఆకారంలో అయింది. ఆవిడకి పాప విప్పడానికి ఎన్ని మందులు వేశామో! కొంత విడింది, కొంత అలాగే ఉంది.

కాబట్టి భయపడి ఆపినా నష్టమే, హాయిగా ఉందని కొనసాగించినా నష్టమే. ఆ వాట్సాప్ రాసినవాడు దొరికితే ఈ మాట చెబుదామనుకున్నా.

(సభలోంచి: 'మా నాన్నకి శుక్లం ఆపరేషనైంది. ఆరుసార్లు, ఐదుసార్లు అని పెద్ద పట్టీ ఇచ్చారు. కన్ను బాగానే ఉంది, వేయాలంటారా?')

వేయాలి, పూర్తిగా వేయాలి. ఆపరేషన్ తర్వాత లోపల వాపు ఉంటుంది. మొదటి వారం రోజుకి ఆరుసార్లు, తర్వాత ఐదు, నాలుగు, ఇలా వారానికొకటి తగ్గించుకుంటూ వస్తాం. ఒక్కసారిగా ఆపేస్తే వాపు తిరగబెడుతుంది. ఆ పట్టీ ఫ్రిజ్ మీద అంటించండి, వేసినప్పుడల్లా టిక్కు పెట్టండి. ఒడియాలో రాసిచ్చారా? మీ నాన్నగారు తెలుగే చదువుతారా? అయితే మీరు కూర్చుని తెలుగులో తిరగ రాయండి. ఇది చిన్న విషయం కాదు, మన జిల్లాల్లో సగం పొరపాట్లు ఇక్కడే.

వేయడం కూడా చాలామందికి రాదు. పాల తెలుపులో ఉండే చుక్కలైతే సీసా బాగా కుదపాలి, ప్రెడ్నిసొలోన్ మందు అడుగున పేరుకుపోతుంది. కుదపకపోతే మొదట నీళ్ళు, చివర చిక్కటి మందు పడతాయి. చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి, ఆ సంచీలో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకి తగలకూడదు. రెండో చుక్క ఎందుకు వద్దంటే, కన్ను ఒక చుక్కని కూడా పూర్తిగా పట్టలేదు, మిగతాది చెంప మీదకే పోతుంది. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కన ఈ మూల, ఇదిగో ఇక్కడ, వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. అక్కడ ముక్కులోకి పోయే చిన్న కాలవ ఉంది. నొక్కకపోతే మందు గొంతులోకి దిగి చేదు తగులుతుంది, ఒంట్లోకీ పోతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. సీసా తెరిచిన నెలకి పారెయ్యండి, సగం మిగిలినా సరే. మనకి పారెయ్యడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. మా ఇంట్లో కూడా అంతే.

ఇప్పుడు మళ్ళీ ఎలర్జీ పిల్లల దగ్గరికి వద్దాం. ఈ జబ్బు చాలామందికి పెద్దయ్యాక పోతుందని చెప్పాను. అంటే మన పని ఆ పదేళ్ళూ పిల్లాణ్ణి చూపుతో సహా దాటించడం. దానికి రోజువారీ మందులు వేరే ఉన్నాయి. ఓలోపటడీన్, కీటోటిఫెన్ లాంటివి. ఇవి స్టెరాయిడ్లు కావు, సీజనంతా వేసుకోవచ్చు. మర్నాటికే మెరుపులా పనిచేయవు గనక అమ్మానాన్నలకి నచ్చవు. కొంచెం ముదిరితే టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్, సైక్లోస్పోరిన్ చుక్కలు ఉన్నాయి. స్టెరాయిడ్ అనేది మంట ఎగసినప్పుడు కొద్దిరోజులు నీళ్ళు చల్లడం లాంటిది, మంట తగ్గాక బకెట్ లోపల పెట్టేయాలి. వీటన్నిటికన్నా చవకైన మందు, నలపకుండా ఉండడం. నలిపి నలిపి నల్లగుడ్డు పల్చబడి ఐస్‌క్రీం కోనులా ముందుకి పొడుచుకొచ్చే జబ్బు ఉంది, కెరటోకోనస్. పిల్లాడు చెయ్యి ఎత్తినప్పుడల్లా 'కొడతాను' అనకండి, ఫ్రిజ్‌లోని తడిగుడ్డ చేతికివ్వండి. ఎండలో టోపీ పెట్టండి.

పెద్ద పరీక్షలు కావాలంటే మనకి బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, మన గజపతి మహారాజా కృష్ణచంద్రగారి పేరుదే. విశాఖలో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. దగ్గర్లో ప్రెజరు చూసే మిషను ఉన్నచోటు ముందు వెతకండి. అంత దూరం ప్రతిసారీ ఎవరూ వెళ్ళరు.

(ముందు వరసలోంచి ఒక పెద్దావిడ: 'నాకాడ ఒకటుంది బాబూ, ఇది మంచిదేనా సూడు.')

ఇలా ఇవ్వండమ్మా. కళ్ళద్దాలు... ఆఁ. మాక్సిఫ్లాక్సాసిన్ అని ఉంది. పక్కన డెక్సామెథాసోన్. ఎవరు రాసిచ్చారు?

('రాయలేదు. మా కోడలికి కళ్ళకలకొస్తే తెచ్చినారు. నాకూ కళ్ళు మండతంటే ఏసుకుంతన్నాను. శానా సల్లగుంటాది.')

ఎన్నాళ్ళుగా?

('సంకురాత్రి ముందు నుంచి.')

ఇప్పుడు చైత్రం. ఇదే సీసానా?

('ఇది నాలుగోది.')

అమ్మా, ఇది నా దగ్గర ఉంచుతాను. మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా? మీ అన్నగారికా? సరే. మీరు కంగారు పడకండి, రేపు కాదు, ఇప్పుడే వెళ్దాం. సభ అయిపోయింది కదండీ, ఎవరైనా ఆటో పిలవండి. మిషను పావుగంట దూరంలోనే ఉంది.